ముసలమ్మ పేరున్న బిందె

ఏక్‌బాల్‌పూర్‌లో ఓడరేవు గోడ వెనక ఉన్న మా వలస తెలుగువాళ్ల ఇళ్ల లైనులో మరియదాసుని అందరూ జర్మన్ దాసు అనేవాళ్లు. కుర్రతనంలో ఓడ ఖలాసీగా వెళ్లి, డెబ్బయ్యొకటిలో హాంబర్గ్ రేవులో పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఓడ అతన్ని ఆస్పత్రిలో వదిలేసి వెళ్లిపోయింది. ఒక పాస్టరు జాలిపడి, ఎక్కడో లోపలి పల్లెలో ఒంటరిగా వ్యవసాయం చేసుకునే ముసలావిడ దగ్గర పెట్టాడు. అక్కడ ఏడేళ్లు ఆవుల పాలు పితికాడు. ఆ ఏడేళ్లూ ఇక్కడ అతని పెళ్లాం అప్పమ్మ కార్పొరేషన్ చీపురు పట్టి బతికింది.

తిరిగొచ్చాక గోదాం కాపలాకి కుదిరాడు. సాయంత్రాలు కుళాయి దగ్గర కూర్చుని ఆ ఊరి సంగతులు చెప్పేవాడు. ఊరి పేరు మా నోళ్లకు తిరిగేది కాదు. నలభై రెండు ఇళ్లు. ప్రతి ఇంటి దూలం మీదా కట్టించిన మొగుడూ పెళ్లాల పేర్లు, సంవత్సరం చెక్కి ఉంటాయట. ఇంటి ముందు పేడకుప్ప ఎంత పెద్దదైతే రైతు అంత గొప్పవాడట. రొట్టెలు కాల్చుకునే పొయ్యి ఊరంతటికీ ఒక్కటేనట. శనివారం సాయంత్రం ఎవరి గుమ్మం ముందు వీధి వాళ్లే ఊడ్చుకోవాలట.

"అయితే దాసూ, మనకి ఆ ఊళ్లో ఉజ్జోగం లేదన్నమాట" అనేవాడు పెద్దిరాజు. లైనంతా నవ్వేది. మాలో ముప్పాతిక మంది ఊడ్చేవాళ్లే.

చదువులేనివాళ్లు కల్లాకపటం తెలియనివాళ్లని పుస్తకాలు రాసేవాళ్లు నమ్ముతారు. వాళ్లెవరూ మా లైనులో కాపురముండలేదు.

ఎనభై ఏడు ఎన్నికల్లో, మా లైనులో మురిక్కాలవలు తీసే కూర్మయ్య ఇంకో పార్టీ జెండా పట్టుకున్నాడు. ఫలితాలొచ్చిన మర్నాడు పట్టపగలు గెలిచిన పార్టీ కమిటీవాళ్లు వచ్చి అతని చెయ్యి విరగ్గొట్టారు. ముసలమ్మ అనే అతని పెళ్లాన్నీ పిల్లల్నీ బయటికి ఈడ్చారు. వాళ్లు ఒంటి మీది బట్టలతో నది అవతల టికియాపారాలో రైల్వే పని చేసే ముసలమ్మ అన్న దగ్గరికి పోయారు. మేమందరం గుమ్మాల్లో నుంచుని చూశాం. దాసు కూడా నుంచున్నాడు.

సామానంతా వీధిలో కుప్ప పోసి, "కావలసినవాళ్లు తీసుకోండి, మిగిలింది తగలబెడతాం" అన్నాడు కమిటీ దాదా. కాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత అందరూ కదిలారు. మా అమ్మ రెండు కంచాలు తెచ్చింది. అప్పమ్మ ఇత్తడి బిందె తెచ్చింది.

మాకూ వాళ్లకూ మధ్య రేకు గోడే. ఆ సాయంత్రం దాసు గొంతు వినిపించింది.

"ఎవులిదే ఈ బిందె?"

"ఎవులిదైతే ఏటి? కాల్సేత్తామన్నారు. కాలిపోయేకన్నా నీల్లు పోసుకుంటే తప్పేటి?"

అప్పుడు, కుళాయి దగ్గర ఎన్నడూ చెప్పనిది చెప్పాడు.

"ఆ ముసలామె నాకిచ్చిన దుప్పటి మూలన ఎర్రదారంతో రెండచ్చరాలు కుట్టున్నాయే. ఆలింటి దూలం మీద అచ్చరాలు అయి కావు. ఎవులియ్యి అని ఏడేల్లు అడిగినాను. నానొచ్చేసిన రోజున సెప్పింది. యుద్ధం నాడు అదే ఊళ్లో పశువుల బేరగాడు, యూదోడు, పెళ్లాం పిల్లల్తో ఉండీవోడంట. ఓ పొద్దుట లారీ ఎక్కించి తీసుకుపోనారంట. మర్నాడు ఆల గుమ్మంలోనే సామాను ఏలంపాట పెట్టినారు. ఊరంతా కొన్నాది. ఈమె ఆరు దుప్పట్లు కొన్నాది. మంచి గుడ్డ, ఇంకా సిరగలేదు అని సెప్పింది నాతోటి."

"ఆలు మల్లీ రానేదా?"

"ఒక్కుడూ రానేదు. ఏడేల్లు ఆ దుప్పటి మీదే తొంగున్నానే అప్పమ్మా."

"నువ్వక్కడ దుప్పటి మీద తొంగున్నావు. నానిక్కడ సొట్ట డబ్బాతో నీల్లు మోసినాను. నాకు కతలు సెప్పకు."

ఆదివారం దాసు బిందె భుజాన పెట్టుకుని బయల్దేరాడు. కుంటి మనిషని నేనూ వెంట వెళ్లాను. టికియాపారాలో ముసలమ్మ బిందె అందుకుని, అంచు కింద చుక్కచుక్కగా కొట్టిన తన పేరు చూసుకుంది. ఆ చుక్కలు నేను కొట్టినవే. లైనులో తెలుగు రాయడం నేర్చుకున్నది నేనొక్కణ్నే కాబట్టి, పెళ్లికీ పురుటికీ కొన్న ప్రతి సామాను మీదా పేరు కొట్టడం నా పని.

"పేరున్నయ్యి పద్నాలుగు సామాన్లు. తక్కినయ్యేయి?" అంది.

"తెత్తాను" అన్నాడు దాసు.

"ఆ రోజు నుంచుని సూసినావు కదా అన్నా. ఇప్పుడేటి తెత్తావు?"

కూర్చోమనలేదు. లోపల కూర్మయ్య మూలుగు వినబడుతోంది.

మర్నాటి నుంచి దాసు ఇల్లిల్లూ తిరిగాడు. "అమ్మా, ఆలది ఆలకిచ్చేద్దాం. నాను మోసుకెల్తాను. మీ పేరు సెప్పను." కొందరు తలుపేశారు. కొందరు నవ్వి, "జర్మనీకి తీసుకెల్లిపోతావేటి?" అన్నారు. పెద్దిరాజు చెంబు వీపు వెనక దాచుకుని మరీ బూతులు తిట్టాడు. మా అమ్మ కంచాలు బియ్యం డబ్బాలో పెట్టింది. మూడో రోజు కమిటీ కుర్రాళ్లొచ్చి, రెండో కాలు కూడా విరగాలా అని మర్యాదగా అడిగి వెళ్లారు. ఆ వారమే అప్పమ్మ తమ్ముడింటికి వెళ్లిపోయింది.

అంతవరకూ ఆ పేర్లని ఎవరూ పట్టించుకోలేదు, నేను తప్ప చదవగలిగినవాళ్లు లేరు గనక. దాసు తిరిగాక భయం పట్టుకుంది. ఒక్కొక్కరే కొంగు చాటున పెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. "ఆ సుక్కలు తీసేసి మా పేరు కొట్టు నాయినా." గిన్నెలు, పళ్లెం, మరచెంబు, చివరికి మా కంచాలు. నేను చదివిన పుస్తకాల్లో ఇలాంటి చోట ఒకడు కాదనేవాడు. నేను ఆకురాయి తీసుకున్నాను.

పదమూడోది అరగదీస్తుండగా దాసు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. కంచం నా చేతిలోంచి తీసుకుని, పేరున్న చోట బొటనవేలితో మెల్లగా తడిమాడు. అతనికి చదువు రాదు.

"పోనేదురా. ఏలికి తగుల్తంది" అన్నాడు.

నేను కంచం వెనక్కి లాక్కుని, మళ్లీ రుద్దడం మొదలుపెట్టాను.