తడి గోనె కింద మొహం

మొన్న ఎండలకు మేము మిరపకాయల తొడిమలు తీసే షెడ్డులో మంచినీళ్ళ కుండకు ఎవరో తడి గోనెపట్టా చుట్టారు. ఆ వాసన తగిలేసరికి నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. నా కళ్ళల్లో నీళ్ళు చూసి, కారం ఘాటేమో అనుకున్నారు పక్కవాళ్ళు. సంతకం దాటి చదువు లేనిదాన్ని, నేను చెబుతుంటే ఎదురింటి టీచరుగారు రాస్తున్నారు.

మా ఆయన విగ్రహాలు చేసేవాడు. పర్చూరు రోడ్డు పక్కన రేకుల పాక మాది. పోయిన పెద్దవాళ్ళ బొమ్మ పొలం గట్టున నిలబెట్టుకోవాలని రైతులు ఫొటో పట్టుకుని వచ్చేవాళ్ళు. ముందు జిగురు మట్టితో మొహం చేసి, దానిమీద అచ్చు తీసి, ఆ అచ్చులో సిమెంటు పోస్తారు. అచ్చు తీసేదాకా మట్టి ఆరకూడదు, ఆరితే పగులుతుంది. అందుకని పొద్దునా సాయంత్రం గోనెలు తడిపి కప్పడం నా పని.

"మొగుడికి నీళ్ళివ్వకపోయినా ఫర్లేదు గానీ, ఈ మట్టి ముసలాయన దాహం మర్చిపోకే" అని నవ్వేవాడు.

వెదురు పుల్లలు, ఇనప తీగలు ఎన్ని ఉన్నా, బుగ్గ దగ్గరికి వచ్చేసరికి అన్నీ పక్కన పడేసి బొటనవేలితోనే నొక్కేవాడు.

ఒక ఎండాకాలం అద్దంకి వైపు పెద్దరైతు బొమ్మ చేస్తూ, ఇంకొక్క చెవి మిగిలి ఉండగా, గుండె పట్టుకుని ఆ మట్టి పక్కనే కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు.

నన్ను మూల గదిలో కూర్చోబెట్టారు. పదకొండో రోజు దాకా గడప దాటకూడదు. పెద్దకర్మకు ఆయనతో పనిచేసిన మేస్త్రీ వస్తాడు, మిగిలిన చెవి పెట్టి అచ్చు తీస్తాడు, ఆయన చివరి పని నిలబడుతుంది అని అదొక్కటే ఆశ నాకు. రోజూ తోడికోడలిని అడిగేదాన్ని.

"అక్కా, గోనెలు తడిపారా?"

"మొగుడు పోయి కూర్చుంటే మట్టి గోలేంటే నీకు! తడిపాంలే, ఓ ముద్ద తిను."

నమ్మాను.

పదకొండో రోజు మేస్త్రీతో కలిసి పాకలోకి వెళితే గోనె అట్టలా బిగుసుకుపోయి ఉంది. ఎత్తి చూస్తే మొహం నుదుటి నుంచి గడ్డం దాకా చీలి, ముక్కు రాలి కింద పడి ఉంది.

"ఇక అచ్చు పడదమ్మా" అన్నాడు మేస్త్రీ తల దించుకుని.

తోడికోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దుఃఖంలో ఏదో కలవరిస్తున్నాననుకుందట, ఊరుకోబెట్టడానికి అలా చెప్పిందట. మళ్ళీ ఆమె మొహం సూటిగా చూసి మాట్లాడటానికి నాకు ఏళ్ళు పట్టింది.

అచ్చు అయిపోయిన మట్టిని పగలగొట్టి తొట్టిలో నానబెట్టడం మా పాకలో మామూలే. దీన్ని మాత్రం ఇంకొకళ్ళను ముట్టనివ్వకుండా నేనే పగలగొట్టాను. బుగ్గ ముక్కలో ఆయన బొటనవేలి గుంట ఉంటే నా వేలు పెట్టి చూశాను, ఆ గుంట నా వేలికి వదులైంది. ఆ ముక్కను దాచుకోవాల్సింది. అప్పుడు తోచలేదు, దాన్నీ తొట్టిలో వేసేశాను.

ఇప్పుడు ఫొటో ఇస్తే మిషనే చెక్కుతుందట, ఫైబరు బొమ్మ లారీలో వచ్చి దిగుతుంది. పోలిక తప్పదు, నెల రోజులు ఎవరూ పట్టించుకోకపోయినా దానికేమీ కాదు. ఆ పెద్దరైతు బిడ్డలూ అలాంటిదే తెచ్చి పెట్టుకున్నారు. అటు బస్సులో పోయినప్పుడల్లా చూస్తాను. బాగానే ఉన్నాడు. మా పాకలో మాత్రం ఆ పెద్దాయనకు కాస్త నవ్వుమొహం ఉండేది. అది చూసినవాళ్ళం ఇద్దరమే, ఇప్పుడు నేనొక్కదాన్నే.