రెండుసార్లు పాడే లైను

ఉదయం ఆరున్నరకు ఖమ్మం బస్టాండులోనే మొదటి తగాదా. "బ్యాండుమేళానికి లగేజీ టికెట్టు తీసుకోవాలె" అన్నాడు కండక్టరు. మేము బ్యాండుమేళం కాదు, సినిమా పాటల ఆర్కెస్ట్రా అంతకన్నా కాదు. బొగ్గుబాయి కాలనీల్లో పెరిగిన ముగ్గురం. తెలుగులో బ్లూస్ రాక్ పాడతాం, అమెరికా నల్లజాతి కూలీల మొరల్లోంచి పుట్టిన పాట అది. ఇదంతా చెప్పినా టికెట్టు తప్పలేదు. ప్రకాశం డ్రమ్ములు బస్సు టాపెక్కాయి, నా బేస్ గిటారు నా ఒళ్లో కూర్చుంది.

చండ్రుగొండ చర్చిలో కోత పండుగకు వెళ్తున్నాం. గిటారు వాయిస్తూ పాడేది రూతు. ఆమె నాన్న బొగ్గుబాయిలో గని పైకప్పు కూలి చనిపోయాడు. తప్పు ఆయనదేనని కంపెనీవాళ్లు కాగితం రాశారు. సాక్షిగా సంతకం పెట్టిన తోటి కార్మికుడు దేవదానం ఇప్పుడు రిటైరై ఆ చర్చికి పెద్ద. నాన్న మీద కట్టిన పాట అతని ముందే పాడాలని రూతు పంతం. మమ్మల్ని పిలిచిన పాస్టరు గారికి ఈ సంగతి తెలియదు.

తల్లాడ దాటాక రూతు చిన్న గొంతుతో పాడుకుంటోంది. పత్తి ఏరడానికి పోతున్న పక్కసీటు ముసలావిడ ఆగలేకపోయింది.

"ఏంది బిడ్డా, ఒక్క మాటనే రెండుసార్లు పాడుతున్నవ్?"

"మొదటిసారి చెప్తే ఎవలు విన్నరు పెద్దమ్మా? అందుకే రెండోసారి. మూడో లైను జవాబు."

"మరి జవాబేది?"

"ఇంకా రాలే."

బ్లూస్ పద్ధతి అదే. మూడో లైను రాయమని ఏడాదిగా నేనూ పోరుతున్నాను. "జవాబు నేనెందుకు రాయాలె?" అంటుంది. అక్కడ గిటారు మాత్రమే మోగుతుంది.

ఎనిమిదికి ఏన్కూరులో టిఫిను. ఆ దారిన వెళ్లేవారు ఇడ్లీ తినండి, పూరీ జోలికి పోకండి. జూలూరుపాడు దాటి, చెట్ల మధ్య రోడ్డు మీద ఊగుతూ తొమ్మిదిన్నరకు చండ్రుగొండ చేరాం.

దేవదానం రూతును గుర్తుపట్టాడు. ముఖం మాడిపోయింది. "ఇది దేవునికి కృతజ్ఞత చెప్పే రోజమ్మా. ఏడుపు పాటలొద్దు."

"బైబిలు కీర్తనల్ల సగం మొరలే గద పెద్దనాయినా. దావీదు మొరపెట్టుకోవచ్చు గని నేను పెట్టుకోవద్దా?"

పదకొండుంబావుకు పాట మొదలైంది. "మా నాయిన తప్పు లేదు, పైకప్పుకు తెలుసు." రెండోసారి అందుకోబోతుండగా దేవదానం లేచొచ్చి మైకు వైరు పీకేశాడు. నాకు ఒళ్లు మండింది. రూతు మాత్రం మైకు పక్కకు నెట్టి అదే లైను ఇంకా గట్టిగా పాడింది. వెనక వరుస దాకా వినపడింది. మూడో లైను చోట గిటారు మోగింది.

బగారా అన్నం, కోడికూర పెట్టారు. మేము తృప్తిగా తిన్నాం. దేవదానం పంక్తిలో కూర్చోలేదు.

మూడున్నర బస్సు కదలబోతుంటే అతను రూతు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"పైకప్పు పగిలింది, లోపలికి పోవద్దని మీ నాయిన ఆ పొద్దు సారుకు చెప్పిండు బిడ్డా. నేను విన్న."

"ఇంకోసారి చెప్పు పెద్దనాయినా. గట్టిగ. బస్సుల అందరికి వినబడాలె."

కండక్టరు విజిలు నోట్లో పెట్టుకుని ఊదకుండా ఆగాడు. దేవదానం చుట్టూ చూశాడు. అదే మాట మళ్లీ, అరిచినట్టుగా చెప్పాడు.

రూతు థాంక్స్ చెప్పలేదు. చెప్పకపోవడమే న్యాయం. ఇన్ని ఊళ్లు తిరిగి వాయించినా మా పాట ఇంతగా పనిచేసిన రోజు ఇంకోటి లేదు. ఏన్కూరు దగ్గర పడుతుంటే అడిగాను, మూడో లైను సంగతేమిటని.

"దొరికింది" అంది. "దేవదానం పెద్దనాయిన మాటే. ఆయన పేరు పెట్టే పాడుత."