పొగ చూసిన కెమెరా

పూలమ్మే అప్పలనరసమ్మ బంగారు కొట్టు దోచేయబోతోందని చోడవరమంతా గుప్పుమంది. దోచేసిందని కాదు, దోచేయబోతోందని. కబురు దేవరాపల్లి చేరేసరికి ఆమె వెనక ఒక ముఠా పుట్టింది. కె.కోటపాడు చేరేసరికి ముఠాకి వ్యాను వచ్చింది. రోలుగుంటలో ఎవరో ఆ వ్యాను రంగు కూడా చెప్పారు.

మాట పుట్టింది మాత్రం ఆ బంగారు కొట్టు షావుకారు సత్యారావు దగ్గరే. దొంగతనం జరక్కముందే దొంగను పట్టిచ్చే కెమెరా పెట్టించాడాయన. మొన్నామధ్య ఒకడు కొట్టు ముందున్న మోటారుసైకిళ్ళ తాళాలు తడుముతుంటే అది ముందే కూసింది. వాడు దొరికాడు. అప్పట్నుంచి దాని మాటంటే ఆయనకి గురి. ఇప్పుడది అప్పలనరసమ్మను చూసి కూసింది.

సత్యారావు తండ్రి రోజుల నుంచీ ఆమె పూలబుట్ట ఆ కొట్టు మెట్ల పక్కనే ఉంటుంది.

"బుట్ట తీసెయ్ నర్సమ్మా. నువ్వు దొంగతనం సేస్తావంట. మిషను సెప్పేసింది."

"ఎప్పుడు సేస్తాను బాబూ?"

"అది సెప్పలేదు."

"సెప్తే ఆ రోజు బేరానికి రాకుండా ఇంటికాడ తొంగుందును గదా!"

చుట్టూ మూగిన జనం గొల్లుమన్నారు. సత్యారావుకి మండింది. కెమెరా బిగించిన ఉమామహేష్‌ని విశాఖపట్నం నుంచి పిలిపించాడు. అతను అందరికీ కనబడేలా స్క్రీను తిప్పాడు. అప్పలనరసమ్మ మాటిమాటికీ పక్క సందు మొదట్లోకి వెళ్తోంది. చేత్తో నోరు మూసుకుంటోంది. బుగ్గ ఉబ్బి ఉంది.

"ఏదో దాస్తున్నారు మామ్మగారూ. ఇలా చేసేవాళ్ళలో ఎక్కువమంది దొంగలేనని మిషన్ లెక్క."

"నేను సేస్తానని సెప్పడానికి మిషనుంది. సెయ్యనని సెప్పడానికి ఏ మిషనూ లేదా బాబూ?"

ఉమామహేష్ ఆమె ఉబ్బిన బుగ్గనే స్క్రీను మీద ఇంకా పెద్దది చేసి చూపించాడు.

అసలు సంగతి ఆమె ఒక్క ముక్కలో చెప్పేయగలదు. కానీ అప్పుడే బస్సు దిగిన మనవరాలు కీర్తి కాలేజీ సంచీతో జనం మధ్య నిలబడి ఉంది. చెబితే మనవరాలి ముందు దొంగ. చెప్పకపోతే ఊరందరి ముందూ దొంగ, పైగా బుట్టకి చోటుండదు.

అప్పలనరసమ్మ కీర్తి వైపు చూడకుండా రొంటినున్న చుట్ట తీసింది. వెలిగించింది. తిప్పి, మండే కొసని నోట్లో పెట్టుకుని పెదాలు బిగించింది. బుగ్గ ఉబ్బింది. సన్నగా పొగ వచ్చింది.

"నిప్పు లోపల పెట్టుకుంది! నీళ్ళు! నీళ్ళు తెండి!" ఉమామహేష్ గెంతాడు.

పైన కెమెరా కూడా కూసింది.

జనం కడుపులు పట్టుకున్నారు. ఆమె తాపీగా చుట్ట తీసి, "అడ్డపొగ బాబూ. మీ మిషనుకి తెల్దేటి?" అంది.

తెలీదు. దానికి చదువు చెప్పిన ఊరేదో గానీ, అక్కడ అడ్డపొగ లేదు.

"రేపు పెరట్లో అడ్డపొగ కాల్సే మీ అమ్మగారు ఇటొస్తే ఆరినీ పట్టిచ్చేస్తాది సావుకారూ!" అని ఎవరో అరిచారు. సత్యారావు దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకుని, బుట్టని తన చేత్తోనే మెట్ల పక్కకి జరిపాడు.

"దీనికి అడ్డపొగ కూడా నేర్పిస్తాను సార్," అన్నాడు ఉమామహేష్.

"అప్పుడు దొంగలందరూ సుట్టలు కొనుక్కుంటారు," అందో చేపలమ్మి.

కీర్తి ఒక్కతే నవ్వలేదు.

"మామ్మా, మానేస్తానని నా మీద ఒట్టేసేవు."

"ఏసేనే గుంటా. అందుకే గదా సందులోకెల్లి కాలుస్తన్నాను."

కీర్తి కోపంగా స్క్రీను దగ్గరికి వెళ్ళి బొమ్మలన్నీ జరుపుకుంటూ చూసింది. చూస్తూ చూస్తూ ఫక్కున నవ్వేసింది. ఏ బొమ్మలోనూ అప్పలనరసమ్మ బంగారు కొట్టు వైపు చూడటం లేదు. అన్నిట్లోనూ కీర్తి దిగే అనకాపల్లి బస్సు వచ్చే దారినే చూస్తోంది.