ఎర్ర సంచిలో పడిన ఊలు చొక్కా

బసీలియా చుకిమియా మా ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా నర్సింగు పాఠాలు చెబుతోంది. నోరు మంచిది కాదు. విద్యార్థినులు ఆమె అడుగుల చప్పుడుకే హడలిపోతారు. ఆమెతో కలిసి చదివినదాన్ని కాబట్టి ఆ కోపం ఎవరి మీదో నాకు తెలుసు.

మేం ఇక్కడే నర్సింగు మూడో ఏడాదిలో ఉండగా మా ఎల్ ఆల్టో ఊరి చివరి పేట నుంచి నైదా అనే ఐదేళ్ల పిల్లను తెచ్చారు. వీధికుక్కలు మీదపడి కరిచాయి. గాయాలు చీము పట్టి ఒళ్లు కాలిపోతోంది. నెత్తురంటిన బట్టలు కాల్చెయ్యడానికి పంపే ఎర్ర సంచిలో వెయ్యాలన్నది రూలు. పిల్ల ఊలు చొక్కా తీసి బసీలియా అందులో వేసేసింది.

గంట గడిచాక తల్లి సతూర్నినా వచ్చి ఆ చొక్కా ఇమ్మంది. పిల్ల జడుసుకున్నచోటే దాని ప్రాణం నిలిచిపోయిందట. అక్కడికి వెళ్లి, చొక్కా ఊపుతూ పేరుపెట్టి పిలవాలి. పక్కనున్నవాళ్లు పిల్ల బదులు "వస్తున్నా" అనాలి. ఆ చొక్కా తెచ్చి పిల్లకు తొడగాలి. ఇందులో బసీలియాకు తెలియనిది ఒక్కటీ లేదు. చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మ ఆమెనూ అలాగే పిలిచి తెచ్చుకుంది.

సంచి ఇంకా గది మూలనే ఉంది. కానీ మాకు మార్కులు వేసే పెద్ద నర్సు పక్కనే నిలబడి ఉంది. ఆమె ముందు పల్లెటూరిదానిలా కనబడటమంటే బసీలియాకు తల కొట్టేసినట్టే.

"ఇక్కడ మందులతో నయం చేస్తామమ్మా, చొక్కాలతో కాదు," అంది. అదీ మా ఐమారాలో కాదు, స్పానిష్‌లో. నేనూ నోరు మెదపలేదు. నాకూ మార్కులు కావాలి మరి. సిగ్గుగా ఉంది చెప్పుకోడానికి.

సంచిని తీసుకెళ్లి కాల్చేశారు. పిల్లకు మందులన్నీ ఇచ్చారు. మూడో రోజు పిల్ల పోయింది. చొక్కా ఇచ్చినా దక్కేది కాదని డాక్టరన్నాడు. ఆ మాటను బసీలియా ఏనాడూ అడ్డం పెట్టుకోలేదు.

ఇప్పుడు ఆమె చెప్పే మొదటి పాఠం, రోగి బట్టలు అడగకుండా పారెయ్యొద్దని. వాటిని మరిగించి, ఉతికి, పేరు రాసి బీరువాలో పెట్టిస్తుంది. మీకు నమ్మకం లేకపోతే మానె, మంచం మీదున్న మనిషికి ఏం కావాలో అడిగి చావండని తిడుతుంది.

సతూర్నినా ఏటా పిల్ల పోయిన రోజున మా గేటు దగ్గరికి వస్తుంది. చొక్కా లోపలికి వెళ్లింది ఇటునుంచే కదా. వట్టి చేతులతో నిలబడి, "నైదా, రా తల్లీ, ఇంటికి పోదాం," అని పిలుస్తుంది. బదులు పలికేవాళ్లు ఉండరు. పోయిన ఏడు బసీలియా ఉండబట్టలేక గేటు దాకా వెళ్లి, ఐమారాలో "వస్తున్నా" అంది.

సతూర్నినా ఆమెను గుర్తుపట్టింది. కోప్పడలేదు. రెండు చేతులూ చాపింది.

"అయితే దాని చొక్కా ఇటివ్వమ్మా. చలికి వణుకుతుంటుంది."