రెండు రకాల ర్యామ్

ఆ మెకానిక్ చేతులు వణుకుతాయని నేను ఎవరికీ చెప్పలేదు.

నాచారంలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో పనిచేసేవాడాయన. నా కంప్యూటర్‌లో పాత ర్యామ్ పక్కన వేరే కంపెనీది వేస్తే మొరాయిస్తుందని మిగతా దుకాణాలవాళ్లు పంపేశారు. ఆయన మాత్రం ఒప్పుకున్నాడు. ఏ ర్యామ్ బిగించాలన్నా ముందు దాని బంగారురంగు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్దేవాడు, పసిపిల్ల మూతి తుడిచినంత మెల్లగా.

ఆ రోజు రుద్దడం అయింది గానీ, ర్యామ్ గాడిలో కూర్చోలేదు. ఆయన వేళ్లు అటూ ఇటూ కొట్టుకున్నాయి.

"ఏందన్నా, వాటికి పెండ్లి జేస్తున్నవా?" లోపలినుంచి ఓనర్ అరిచాడు.

"వేరే వేరే కంపెనీలు గదా, జర సూసి కలపాలె" అని బదులిచ్చి, ఆయన నావైపు వంగి గొంతు తగ్గించాడు. "నువ్వు నొక్కు బిడ్డా. ఆయనకు తెలిస్తే నా పని పోతది."

రెండు వైపులా సమానంగా నొక్కాను. కంప్యూటర్ ఆన్ చేస్తే రెండు ర్యామ్‌లూ కనిపించాయి. ఓనర్ బయటికొచ్చి, "ఉస్తాద్‌వే నువ్వు!" అని ఆయన భుజం తట్టాడు. ఆయన అప్పటికే చేతులు జేబుల్లో దాచుకున్నాడు.

మళ్లీ వెళ్లినప్పుడు ఆయన లేడు. చేతులు వణుకుతున్నాయని తీసేశానన్నాడు ఓనర్.

మొన్న ఉప్పల్‌లో ఒక అపార్ట్‌మెంట్ ముందు వాచ్‌మన్ బట్టల్లో ఆ మెకానిక్ కనిపించాడు. నన్ను గుర్తుపట్టాడు. నేను ఆయన చేతులవైపే చూస్తుండిపోయాను.

"ఈడ వణికినా ఎవ్వలేమనరు బిడ్డా," అన్నాడు, "గేటే గదా."