పద్నాలుగో ప్రశ్న దగ్గర పెట్టిన గీత

2023 జూలై. పంజాగుట్ట మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో, ఒక ఈఎన్‌టీ ఆసుపత్రి రెండో అంతస్తులో నా గది. స్పీచ్ థెరపిస్టుగా అప్పటికి నాకు ఇరవై రెండేళ్ల సర్వీసు. నత్తి ఉన్న పిల్లలు, పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దలు వస్తారు మా దగ్గరికి. పక్కనే అమీర్‌పేట ఉండటం వల్ల వాళ్లకంటే ఎక్కువగా వచ్చేది గొంతు పోయిన మాస్టార్లు. అక్కడి మైత్రీవనం కోచింగ్ సెంటర్లలో పొద్దుటి నుంచి ఐదు బ్యాచ్‌లకు కంప్యూటర్ పాఠాలు చెప్పి, ఆరో బ్యాచ్‌కి గొంతు లేవక, మెడ పట్టుకుని మెట్లెక్కి వస్తారు. వాళ్లను చూసీ చూసీ, గొంతు కేసు గుమ్మంలో కాలు పెట్టగానే కారణం చెప్పేయగలనని నాకు కాస్త పొగరు ఉండేది. ఆ పొగరు దిగిన కథ ఇది.

ఆ రోజు మా రిసెప్షనిస్టు శైలజ పరుగెత్తుకుంటూ వచ్చింది. "మేడం, కింద గడుసు వచ్చింది! నిజంగా గడుసే మేడం!"

"గడుసేంటే, మనిషా, సినిమానా?" అన్నాను.

శైలజ నన్ను జాలిగా చూసి తన ఫోన్లో ఒక వీడియో పెట్టింది. ఒక సన్నటి అమ్మాయి, వేదిక మీద అటూ ఇటూ తిరుగుతూ, ఊపిరి తీసుకోకుండా మాటలు దంచుతోంది. ముందు వేలమంది జనం, ఆమెతో పాటే చేతులూపుతున్నారు.

*నాలుగు మంచాలకు ఒక్కటే పంక*
*నా దాక గాలి రాదు, నేనే లేవాలింక*

చిన్నప్పుడు తెనాలిలో నాలుగేళ్లు సంగీతం నేర్చుకున్నదాన్ని. ర్యాప్ అంటే నా దృష్టిలో అప్పటికి అరుపే. ఇంతలా అరిస్తే గొంతు పోక ఏమవుతుంది అనుకున్నాను. అంటే మనిషిని చూడకముందే నా తీర్పు అయిపోయిందన్నమాట.

గడుసు అన్నది పాటల కోసం పెట్టుకున్న పేరు. అసలు పేరు భాగ్యలక్ష్మి అనుకోండి. పేరు మార్చాను, మిగతాదంతా ఆమె చదివి సరేనన్న తర్వాతే రాస్తున్నాను. సిద్దిపేట దిక్కు పల్లె. తండ్రి ట్రాక్టర్ డ్రైవరు. డిగ్రీ అయ్యాక సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకోవడానికి అమీర్‌పేట హాస్టల్‌లో దిగింది. ఉద్యోగం రాలేదు. ఫోన్లో పెట్టిన ఒక పాట మాత్రం రాష్ట్రమంతా తిరిగింది. తర్వాత కాలేజీ ఫంక్షన్లు, సినిమాల్లో పాటలు. ఆడపిల్ల ర్యాప్ పాడితే నవ్వినవాళ్లే ఆమె డేట్ల కోసం వరస కట్టారు. నా ముందు కూర్చునేనాటికి ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు. గొంతు చిరిగిన గుడ్డలా ఉంది.

"నా గొంతు నాకే ఇనొస్తలేదు మేడం. సెప్టెంబర్ల నా పేరు మీద ఫస్ట్ షో ఉంది. టికెట్లు సుత అయిపోయినయ్."

అంతకుముందే మా డాక్టరు గారు వీడియో స్ట్రోబోస్కోపీ చేశారు. సన్నటి కెమెరాను నోట్లోంచి పంపి స్వరతంతువుల కదలికను చూసే పరీక్ష అది. రెండు తంతువుల మీదా ఎదురెదురుగా నాడ్యూల్స్ ఉన్నాయి. పార పట్టిన చేతికి కాయలు కాస్తాయి చూడండి, అలాంటివే. పైగా వాపు. డాక్టరు గారు రెండు వారాల వాయిస్ రెస్ట్ రాశారు, అంటే పూర్తి మౌనం. ఆ తర్వాత నా దగ్గర వ్యాయామాలు. అప్పటికీ తగ్గకపోతే ఆపరేషన్.

ఆపరేషన్ అనగానే ఆ అమ్మాయి ముఖం తెల్లబోయింది. "కోస్తే గొంతు మారుతదంట గదా మేడం? నాకున్నదే అదొక్కటి. అది మారితే నేనేం జెయ్యాలె, మల్ల జావా క్లాసులకు పోవాల్నా?"

"అందాకా రానివ్వను. నేను చెప్పినట్టు విను చాలు," అన్నాను ధీమాగా.

కొత్త కేసు వస్తే మేము ఒక కేస్ హిస్టరీ షీటు నింపుతాం. ముప్ఫై ప్రశ్నలు. రోజుకు ఎంతసేపు మాట్లాడతారు, మంచినీళ్లు ఎన్ని తాగుతారు, కడుపులో మంట ఉందా, ఇలాంటివి. బయట హాలు కిటకిటలాడుతోంది. సగం అడిగి, సగం నాకు తెలుసులే అనుకుని గీతలు పెట్టేశాను. చివర్లో గట్టిగా చెప్పాను: "రెండు వారాలు నీ నోట్లోంచి శబ్దం బయటికి రాకూడదు. ఏదన్నా చెప్పాలంటే కాగితం మీద రాయి."

ఆమె బుద్ధిగా తలూపింది.

రెండు వారాల తర్వాత మళ్లీ కెమెరా పెట్టారు. వాపు తగ్గకపోగా పెరిగింది. డాక్టరు గారు నా వైపు చూసిన చూపుకు నాకు తల కొట్టేసినట్టయింది. గదిలోకి తీసుకొచ్చి తలుపు వేసి, ఆ పిల్ల మీద పడ్డాను.

"ఏంటమ్మా, నన్ను చూస్తే వెర్రిదానిలా కనబడుతున్నానా? ఎన్ని ఫంక్షన్లలో పాడొచ్చావు?"

ఆమె గబగబా చిన్న నోట్‌బుక్ తీసి రాసింది. "ఒక్క మాట సుత మాట్లాడలే మేడం. అమ్మ మీద ఒట్టు."

"ఒట్లు నాకొద్దు. నీ గొంతు చెప్తోందిగా నిజం. పేరొచ్చిన వాళ్లకు మా మాటంటే లెక్కలేదు. అబద్ధం చెప్పేవాళ్లకు నేను వైద్యం చేయలేను. వెళ్లు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకేదో రాయబోయి, పెన్ను మూత పెట్టేసుకుని బయటికి వెళ్లింది. నిజం చెప్పొద్దూ, నాకు అప్పుడు జాలి కూడా కలగలేదు. ఒళ్లు మండిపోతోంది.

పది నిమిషాలకు మంచినీళ్ల సీసా నింపుకోవడానికి హాల్లోకి వచ్చాను. భాగ్య ఇంకా వెళ్లలేదు. మూల కుర్చీలో గోడ వైపు తిరిగి కూర్చుని, మోకాలి మీద వేళ్లతో తాళం వేసుకుంటోంది. పెదాలు కదులుతున్నాయి. మెడ మీద నరాలు తాళ్లలా లేచి ఉన్నాయి. ఇరవై రెండేళ్లుగా మెడలు చూస్తున్నదాన్ని నేను. మౌనంగా ఉన్న మెడ అలా ఉండదు. దగ్గరికెళ్లి, అడగకుండానే ఆమె గొంతు మీద చెయ్యి పెట్టాను. రాయిలా బిగుసుకుపోయి ఉంది. చెవి దగ్గర పెడితే గాలి వినబడింది, మాటలు కట్టుకున్న గాలి.

"ఏం చేస్తున్నావు?"

ఉలిక్కిపడి నోట్‌బుక్ తీసింది. "పాట కట్టుకుంటున్న. బాధైతే గిట్లనే కట్టుకుంట. సప్పుడు చేస్తలేను గదా మేడం?"

ఆమె నా మాట పొల్లుపోకుండా పాటించింది. శబ్దం బయటికి రాకూడదన్నాను, రానివ్వలేదు. రెండు వారాలూ పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా, షో కోసం గుసగుసగా పాటలు దంచుతూనే ఉంది. గుసగుసలాడితే గొంతుకు విశ్రాంతి అని చాలామంది అనుకుంటారు. గంటలకొద్దీ బిగబట్టి గుసగుసలాడితే గొంతు చుట్టూ ఉన్న కండరాలన్నీ బిగుసుకుని, మామూలు మాట కంటే ఎక్కువ చేటు చేయొచ్చు.

లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. ఈసారి అడిగాను, విన్నాను, అంటే చదివాను. ఆమె నాలుగు పేజీలు రాసింది.

హాస్టల్ గదిలో నలుగురు. ఇద్దరు పగలు కోచింగ్‌కు పోయి రాత్రి పడుకునేవాళ్లు, ఒకామె కాల్ సెంటర్‌లో రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేది. ఆ గదిలో ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు నిద్రలోనే. మొదట్లో ఒకరోజు భాగ్య గొంతెత్తి పాడుకుంటే కాల్ సెంటర్ ఆమె లేచి వార్డెన్‌కు చెప్పింది. వార్డెన్ భాగ్య సూట్‌కేసు తెచ్చి మెట్ల మీద పెట్టింది. సాయంత్రం దాకా ఆ సూట్‌కేసు మీద కూర్చుని, ఇంక సప్పుడు చెయ్యనని బతిమాలితే మళ్లీ లోపలికి రానిచ్చారు. ఆ రోజు నుంచి ఆమె కట్టిన ప్రతి పాటా గుసగుసలోనే పుట్టింది. గుసగుసలో కట్టడం, గుసగుసలో ప్రాక్టీసు, తిన్నగా వేదికెక్కి ఒక్కసారిగా కేక. ఎనిమిదేళ్లు ఇదే వరస.

ఇప్పుడామె శ్రీనగర్ కాలనీలో ఒక ఫ్లాట్‌లో ఒక్కతే ఉంటోంది.

"ఇప్పుడు నీ ఇంట్లో ఎవరు నిద్రపోతున్నారమ్మా?" అన్నాను.

పెన్ను పక్కన పెట్టి, రాసిన నాలుగు పేజీలనూ మళ్లీ మొదటి నుంచి చదువుకుంది.

ఆమె వెళ్లాక ఫైలు తెరిచాను. పద్నాలుగో ప్రశ్న: 'గుసగుసగా మాట్లాడే అలవాటు ఉందా? రోజుకు ఎంతసేపు?' దాని ఎదురుగా నా చేత్తో గీసిన అడ్డగీత. వేదికల మీద అరిచే పిల్లను గుసగుస సంగతి అడగడమేంటని, అడగకుండానే పెట్టిన గీత. ఆమెను అబద్ధాలకోరు అన్నాను కదా, ఆ ఫైలు మొత్తంలో అబద్ధం అదొక్కటే. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు పిలిపించి చెప్పాను. "తప్పు నాది. నిన్ను అనరాని మాటలన్నాను. నన్ను క్షమించు."

"అయ్యో, మీరెందుకు మేడం," అని రాసి, కింద ఇంకో వాక్యం రాసింది. "కానీ షో?"

"నేను ఒప్పుకోను. ఈ గొంతుతో ఎక్కితే అదే ఆఖరి షో అవుతుందేమో." ఈసారి ధీమాగా కాదు, భయంగానే చెప్పాను.

మూడు రోజులు ఆలోచించుకుని షో రద్దు చేసుకుంది. అట్టముక్క మీద రాసి పట్టుకుని వీడియో పెట్టింది. నకరాలు చేస్తోందని కొందరు తిట్టారు. ఆ కామెంట్లు చదివి నా గదిలో వెక్కివెక్కి ఏడ్చింది, అదీ శబ్దం లేకుండానే.

గుసగుస కూడా లేని అసలు మౌనం కొన్నాళ్లు పాటించాక అసలు కష్టం మొదలైంది. గ్లాసులో స్ట్రా పెట్టి, నీళ్లలోకి బుడగలు ఊదుతూ సన్నగా రాగం తీసే వ్యాయామం బాగానే చేసేది. పాట పాడమంటే మాత్రం గుసగుసలోకి జారిపోయేది. "సప్పుడు జేస్తే నాకు మాట తడ్తలేదు మేడం. ఎవరో లేస్తరన్నట్టే ఉంటది."

మా అంతస్తులోనే ఆడియోమెట్రీ గది ఉంది. వినికిడి పరీక్షలు చేసే గది కాబట్టి లోపలి చప్పుడు బయటికి, బయటిది లోపలికి పోదు. పరీక్షలు లేనప్పుడు ఆమెను అందులోకి తీసుకెళ్లి దళసరి తలుపు మూశాను. "ఇక్కడ నువ్వు గోల పెట్టినా ఎవరూ లేవరు. కట్టు పాట."

మొదటి వారం ఆ గదిలో కూడా తలుపు వైపు చూస్తూ గొణిగింది. రెండో వారం గొంతు కాస్త తెరుచుకుంది. అప్పుడు తలుపు నాలుగు వేళ్లంత తెరిచాను. మళ్లీ తగ్గిపోయింది. మళ్లీ మొదలు. అలా వారానికి కాస్త కాస్త తెరుస్తూ వచ్చాం. ఆ గది ముందు నిలబడి వింటుంటే నాకు తెలిసొచ్చింది, అది అరుపు కాదని. ఎక్కడ ఊపిరి తీయాలో, ఏ అక్షరం మీద వాలాలో ఆమెకున్న లెక్క నా నాలుగేళ్ల సంగీతానికి లేదు.

అక్టోబర్‌లో ఒక ఉదయం తలుపు పూర్తిగా తెరిచాను. హాలు ఖాళీగానే ఉంది. భాగ్య అలవాటు ప్రకారం గోడ వైపు తిరిగి, కళ్లు మూసుకుని అందుకుంది. నేనూ కళ్లు మూసుకుని విన్నాను. గొంతు మునుపటి కంటే కాస్త బరువెక్కింది, కింది నుంచి వస్తోంది, గచ్చు మీద కాలు తాళం వేస్తోంది. ఆ మైమరపులో హాల్లోకి ఎవరొచ్చారో నేను చూసుకోలేదు.

పసిబిడ్డ ఏడుపు వినబడింది.

ఒక పల్లెటూరి అమ్మాయి, ఒళ్లో పదకొండు నెలల పాప. బేరా టెస్టు కోసం వచ్చింది. చెవిలోకి పంపిన శబ్దం మెదడు దాకా చేరుతోందో లేదో చూసే పరీక్ష అది. బిడ్డ నిద్రలో ఉంటేనే చేయగలం. తల్లులు గంటలకొద్దీ జోకొట్టి పడుకోబెట్టి తెస్తారు. ఆ నిద్ర చెడితే రోజంతా వృథా.

భాగ్య గొంతు టక్కున ఆగిపోయింది. బ్యాగు అందుకుని, "సారీ చెల్లె, సారీ, పోతున్న," అంది. అదీ గుసగుసగా. మూడు నెలల కష్టం నా కళ్ల ముందే కూలిపోయినట్టయింది.

ఆ తల్లి కోప్పడలేదు. ఏడుస్తున్న బిడ్డ ముఖంలోకి నోరు తెరుచుకుని చూస్తోంది.

"నువ్వేనా అక్కా గట్ల సప్పుడు జేసింది?"

భాగ్య నేల చూపులు చూస్తూ తలూపింది.

"ఇది పుట్టినకాంచి ఏ సప్పుడుకు లేవలే అక్కా. నెత్తి పక్కన గిన్నెలు పడ్డా లేవలే." ఆమె చెయ్యూపి భాగ్యను దగ్గరికి రమ్మంది. "మల్ల చెయ్. జర గట్టిగ చెయ్."

భాగ్య నా వైపు చూసింది. నేను తలూపాను.

బ్యాగు కింద పెట్టి, వచ్చి, ఆ పాపకు ఓ పక్కగా గచ్చు మీద కూర్చుంది. పాపకు ఆమె పెదాలు కనబడకుండా చున్నీ అడ్డం పెట్టుకోమని సైగ చేశాను. నిండు గొంతుతో మొదలుపెట్టింది. పాప ఏడుపు ఆపింది. మెల్లిగా ఆ గొంతు వచ్చే వైపు తల తిప్పింది. తల్లి బిడ్డ నెత్తి మీద ముఖం పెట్టుకుని ఏడ్చేసింది. భాగ్య మాత్రం ఆపలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా, పాట చివరిదాకా నిండు గొంతుతోనే పాడింది.

అతి చేసి చెప్పను. ఒక్కసారి తల తిప్పినంత మాత్రాన వినికిడి బాగున్నట్టు కాదని ఆ తల్లికి అప్పుడే చెప్పాను. తర్వాత చేసిన టెస్టులో రెండు చెవుల్లోనూ లోపం తేలింది. గిన్నెల మోతలాంటి సన్నటి శబ్దాలు దాదాపు అందవు, బరువైన శబ్దాలు కొంత అందుతాయి. హియరింగ్ ఎయిడ్ పెట్టాం. ఇప్పుడా పాప వారం వారం నా దగ్గరికే వస్తోంది, మాటలు నేర్చుకోవడానికి. భాగ్య నాడ్యూల్స్ చిన్నవయ్యాయి గానీ పూర్తిగా పోలేదు. ఆపరేషన్ తప్పింది. రద్దయిన షో మళ్లీ ఎప్పటికో జరిగింది, సగం హాలుకే. గొంతు బరువెక్కిందని, పాత పదును లేదని అన్నవాళ్లున్నారు. ఆమె శ్రీనగర్ కాలనీ ఫ్లాట్‌లో తలుపులు తీసి పాడుకుంటోంది. కింది ఫ్లాటువాళ్లు రెండుసార్లు కంప్లైంట్ ఇచ్చారట. ఆ మాట నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది, నవ్వుతూ.

కొత్తగా చేరిన థెరపిస్టులు షీటు నింపడం నేర్చుకోవడానికి నా దగ్గర కూర్చుంటారు. నేను మొదట తెరిచి చూపించేది ఆ ఫైలే. పద్నాలుగో ప్రశ్న దగ్గర ఆ గీత ఇంకా అలాగే ఉంది. దిద్దలేదు, దిద్దను. ఎనిమిదేళ్లు ఎవరినీ లేపకుండా బతికిన పిల్లను ఒక్క మాట అడగకుండా నేను గీసిన గీత అది.