సజ్జా క్యాంపులో నట్టు, వాషరు ఓటు

2022 ఫిబ్రవరిలో నన్ను షార్జా దగ్గరి సజ్జాలో, కాంక్రీటు గోడలు పోతపోసే ఒక ఫ్యాక్టరీవాళ్ల లేబర్ క్యాంపుకు క్యాంప్ బాస్‌గా వేశారు. పేరు గొప్పదే గాని, హోదా ఫోర్‌మన్‌కు ఒక మెట్టు కింద. గదులు, నీళ్ల ట్యాంకరు, వంటగదులు, కొట్లాటలు చూడాలి. జీతాలు, వీసాల జోలికి పోకూడదు. ఏడో తరగతితో బడి మానేసి, దొరికిన కాగితమల్లా చదివి రాత నేర్చుకున్నవాణ్ణి. అందుకేనేమో, నోటీసులు రాయడమంటే నాకు మహా సరదా. ముప్ఫై ఏళ్ల గల్ఫ్ ఉద్యోగంలో నేను రాసి గోడకు అంటించిన నియమాలకు లెక్కలేదు. వాటిలో ఎన్ని అమలయ్యాయని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఫ్యాక్టరీ మూడు షిఫ్టుల్లో నడిచేది. రాత్రి షిఫ్టువాళ్లు పొద్దున ఏడింటికి వచ్చి పడుకునేవారు. రెండో షిఫ్టువాళ్లకు మధ్యాహ్నం రెండు దాకా పని లేదు కాబట్టి వరండాలో క్యారమ్స్ ఆడుతూ, ఫోన్లలో గట్టిగా మాట్లాడుతూ ఉండేవారు. పొద్దుటి షిఫ్టువాళ్లు ఆ వేళకు క్యాంపులోనే ఉండరు. వాళ్లకు ఈ గొడవతో సంబంధమే లేదు.

జగిత్యాల వైపునుంచి వచ్చిన గంగరాజం రాత్రి షిఫ్టులో గ్యాంట్రీ క్రేన్ నడిపేవాడు. గ్యాంట్రీ అంటే షెడ్డు కప్పు కింద పట్టాల మీద కదిలే క్రేన్. నాలుగైదు టన్నుల గోడను ఎత్తి తీసుకుపోతుంది. మార్చి మొదట్లో ఒకరోజు అతనికి కునుకు పట్టింది. గోడ ఊగి ఇనుప స్టాండుకు తగిలింది. కింద ఎవరూ లేకపోవడం అదృష్టం. సేఫ్టీ ఆఫీసరు రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చాడు. మళ్లీ జరిగితే ఆపరేటర్ కార్డు తీసేస్తారు. కార్డు పోతే పని పోతుంది, పని పోతే వీసా ఖలాస్.

నేను వెంటనే నోటీసు రాశాను: ఎనిమిది నుంచి రెండు వరకు వరండాల్లో నిశ్శబ్దం. సాయంత్రానికి చింపేశారు. మళ్లీ అంటించాను, మళ్లీ చింపారు. మూడోది చేత్తో పట్టుకుని నిలబడ్డప్పుడు గంగరాజం అన్నాడు: "సారూ, మీ కాయితం మీద మీ సంతకమే ఉంటది. మా సంతకాలు ఉంటే గదా మాకు పట్టేది."

కొన్ని దేశాల్లో స్థానిక చట్టాలను ఊరివాళ్లే నేరుగా చేసుకునే పద్ధతి ఉందని నేను ఎప్పుడో చదివాను. ఇంతమంది సంతకాలు అని ముందే నియమం ఉంటుంది. చట్టం మాటలు పూర్తిగా రాసి, ఆ కాగితం మీదే సంతకాలు పోగుచేస్తారు. సరిపడా వస్తే అవే మాటలు అందరి ముందుకు ఓటుకు వెళతాయి. ప్రతినిధులు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, నెగ్గితే అదే చట్టం. చదివినప్పుడు మా ఊరి గ్రామసభ గుర్తొచ్చి మండిపోయాను. జరగని సభకు రిజిస్టరు ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించుకున్న సర్పంచులను చూసినవాణ్ణి నేను.

గంగరాజానికి ఈ పద్ధతి చెప్పాను. క్యాంపులో అయిదుగురిలో ఒకరి సంతకం కావాలని పెట్టుకున్నాం. మా ముదీర్, అంటే మేనేజరు, మలయాళీ. జీతాల మాట, పనిగంటల మాట ఎత్తనంతవరకు అభ్యంతరం లేదన్నాడు. నెగ్గింది నీకు నచ్చకపోయినా అమలు చేస్తావా అని నన్నే నిలదీశాడు. చేస్తానన్నాను.

నా నోటీసులోని మాటలనే కాగితం మీద రాసుకుని గంగరాజం సంతకాలకు బయల్దేరాడు. మొదటి రోజే అడ్డం తిరిగినవాడు పోశెట్టి. రెండో షిఫ్టులో సెంట్రింగ్ పని. "నేను డ్యూటీ దిగేసరికి మా ఇంట్ల అందరు పండుకుంటరు. మాట్లాడితే పొద్దుగాలనే మాట్లాడాలె. సిగ్నల్ ఆ వరండాలనే దొరుకుతది. గంగరాజం నిద్రకోసమని నేను మూగోన్ని గావాల్నా?" అన్నాడు. న్యాయమైన మాటే. నేనైతే కసిరి పంపేవాణ్ణి. గంగరాజం మూడు పొద్దులు నిద్ర మానుకుని, ఫోన్ చేత్తో పట్టుకుని క్యాంపంతా తిరిగాడు. వెనకవైపు మెస్ హాలులో సిగ్నల్ నిండుగా ఉంది. కాని నాస్తాకూ మధ్యాహ్నం భోజనానికీ మధ్య ఆ హాలుకు తాళం పడేది. ఆ ఆర్డరు వేసింది నేనే.

అతను కాగితం తిరగరాశాడు: ఎనిమిది నుంచి రెండు వరకు వరండాల్లో క్యారమ్స్, ఫోన్ మాటలు ఉండవు, ఆ వేళంతా మెస్ హాలు తెరిచి ఉంటుంది. పాత సంతకాలు చెల్లవు కదా అని మళ్లీ గదిగదికీ వెళ్లి పోగుచేశాడు. కావలసినదానికంటే ఎక్కువే వచ్చాయి. పోశెట్టి మాత్రం, పొద్దున పూట వరండా తమ షిఫ్టుదేనని, సంతకం పెట్టలేదు.

తప్పు నేను చేశాను. సాపుప్రతి రాస్తూ చివర ఒక వాక్యం కలిపాను: ఉల్లంఘించినవారి పేర్లు ముదీర్‌కు పంపబడును. ముప్ఫై ఏళ్ల అలవాటు అది. ఆదివారం అందరి ముందు తెలుగులో, హిందీలో చదివాను. తెలుగులో ఆ వాక్యం వినగానే గంగరాజం లేచాడు. ఆ ముచ్చట తమ కాగితంలో లేదన్నాడు. శిక్ష లేని నియమాన్ని ఎవడు లెక్కచేస్తాడని నేను వాదించాను. పోశెట్టి పకపకా నవ్వాడు. "ఉంచుండ్రి సారూ. ఆ ఒక్క ముక్కతోని మా ఓట్లు ఇంకా పెరుగుతయ్."

గంగరాజం గొంతు పెంచలేదు. "ఏలుముద్ర ఏసినోళ్లు దేనికేసిన్రో గదే ఓటుకు పెట్టాలె. మీది మీకు గావాలంటే మీరు వేరే సంతకాలు తెచ్చుకోండ్రి."

చదువురాని మనుషుల ముందు నా వాక్యం నేనే కొట్టేసుకోవాలా అని మొదట చెవులు వేడెక్కాయి. కాని అతను చెప్పింది పద్ధతి ప్రకారం అక్షరాలా నిజం. అక్కడే పెన్ను తీసి కొట్టేశాను.

చదవలేనివాళ్లు చాలామంది కాబట్టి నట్టు అవుననీ, వాషరు కాదనీ ఓటుకు గుర్తులు పెట్టాం. తెర వెనక ఒక డబ్బా పెడతానన్నాను. ఇందులో లోపం పట్టింది పోశెట్టి. నట్టు పడితే ఒక చప్పుడు, వాషరు పడితే ఇంకో చప్పుడు. చెవులున్నవాడికి ఎవరి ఓటెటో తెలిసిపోతుందన్నాడు. అతని సలహా మీదే రెండు డబ్బాలు పెట్టాం. ప్రతివాడికీ ఒక నట్టు, ఒక వాషరు. ఓటు పచ్చ డబ్బాలో, మిగిలింది ఎర్ర డబ్బాలో. రెండు చప్పుళ్లూ వినిపిస్తాయి, ఏది ఎందులో పడిందో తెలియదు. ఓడిపోవాలని తాను కోరుకునే కాగితానికి ఓటు సక్రమంగా జరిగేలా చూసిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఓటింగ్ మూడు షిఫ్టులకూ అందేలా పొద్దుటినుంచి సాయంత్రం దాకా జరిగింది. గంగరాజాన్నీ పోశెట్టినీ ఎదురుగా కూర్చోబెట్టి లెక్కపెట్టాను. పదకొండు ఓట్ల తేడాతో గంగరాజం కాగితం నెగ్గింది. మిగతా రెండు షిఫ్టులూ చెరోవైపు ఉన్నాయి కాబట్టి, సంబంధం లేదనుకున్న పొద్దుటి షిఫ్టువాళ్లే తేల్చి ఉంటారు. పోశెట్టి మళ్లీ లెక్కపెట్టమన్నాడు. అదే సంఖ్య వచ్చాక లెక్క కాగితం మీద సంతకం చేశాడు.

మర్నాడు పొద్దున అతని గదివాడే వరండాలో ఫోన్ స్పీకర్ పెట్టాడు. నేను లేచేలోపు పోశెట్టి వాడి భుజం పట్టుకున్నాడు. "యల్లా, మెస్సుకు నడువు. ఓడినం గని, ఓటేసినం గద."

ఆ నియమాన్ని ఎవరూ చింపలేదు. మూడు నెలల తర్వాత సేఫ్టీ ఆఫీసరు గంగరాజం హెచ్చరికను మూసేశాడు; కార్డు నిలిచింది. అదే నెలలో రెండో షిఫ్టువాళ్లు, బస్సెక్కే ముందు తయారయ్యే సందడి తప్పదు కాబట్టి నిశ్శబ్దం ఒంటిగంటకే ముగియాలని సంతకాలు తెచ్చారు. గంగరాజం వ్యతిరేకంగా తిరిగి ఓడిపోయాడు. గంట నిద్ర తగ్గింది. క్యాంపు స్టోరు నుంచి పాత దుప్పటి అడిగి తీసుకుపోయి, చప్పుడు తగ్గేలా కిటికీకి కట్టుకున్నాడు గాని, గొడవపడలేదు.

నేను 2024లో రిటైరయ్యాను. కరెంటు, గ్యాసు, మంటల విషయంలో చివరిదాకా నియమాలు నేనే రాశాను, ఎవర్నీ అడగలేదు. అవి ఓటుకు పెట్టేవి కావు. ఒక కప్పు కింద మనుషులు ఎలా సర్దుకోవాలన్న సంగతి మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ సొంతంగా రాయలేదు. వాళ్లు తెచ్చిన మాటలను మార్చకుండా చదివి వినిపించడం, వచ్చిన లెక్కను ఉన్నదున్నట్టు చెప్పడం, అంతవరకే నా ఉద్యోగమని తెలుసుకున్నాను.